రొనాల్డో తర్వాత పోర్చుగల్‌లో ఎవరిని ఫాలో అవ్వాలి? బ్రూనో, బెర్నార్డో, వితిన్యాల్లో మీకు సరిపోయేది ఎవరు

పోర్చుగల్ మ్యాచ్ అంటే మన దగ్గర చాలామంది టీవీ పెట్టేది ఏడో నంబర్ జెర్సీ కోసమే. క్రిస్టియానో రొనాల్డో నలభై దాటాక కూడా దేశానికి గోల్స్ కొట్టాడు, కాదనలేం. కానీ 1985లో పుట్టినవాడు, ఎన్నాళ్లని ఆడతాడు? అతనితో పాటే పోర్చుగల్‌ని కూడా వదిలేద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. ఆ జట్టులో అసలు సరుకు మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్య నుంచి ఆట నడిపేవాళ్లలో ఉంది. చాలా ఏళ్లుగా అక్కడే ఉంది. ముందున్న మనిషి మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాం కాబట్టి మనకి కనపడలేదు.

2025 నవంబర్ 16న పోర్తో నగరంలో ఆర్మేనియాతో ప్రపంచకప్ క్వాలిఫయర్. సస్పెన్షన్ వల్ల రొనాల్డో లేడు. పోర్చుగల్ 9-1తో గెలిచింది. బ్రూనో ఫెర్నాండెస్ హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్), జొవావ్ నెవెస్ హ్యాట్రిక్. ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే. ఆర్మేనియా పెద్ద జట్టేం కాదు లెండి. అయినా రొనాల్డో లేకపోతే గోల్స్ ఎవరు కొడతారన్న బెంగకి ఆ రాత్రి కొంత జవాబు దొరికింది.

మరి ఎవరిని పట్టుకోవాలి? "వీళ్లలో ఎవరు గొప్ప" అని అడిగితే వాదన తెల్లారేదాకా సాగుతుంది, ఎందుకంటే ముగ్గురూ చేసే పని ఒకటి కాదు. మీరు ఆట ఎలా చూస్తారో ముందు మీకు మీరు చెప్పుకోండి. పొద్దున లేచి స్కోరు, హైలైట్స్ చూసేరకమా? తొంభై నిమిషాలూ కూర్చునే ఓపిక ఉందా? లేక ఆదివారం గ్రౌండ్‌లో మీరే బూట్లు కట్టుకుని ఆడతారా? దాన్నిబట్టి ఆటగాడు మారిపోతాడు.

బ్రూనో ఫెర్నాండెస్

ముందుగా అందరికీ తెలిసిన పేరు. ఇతని కథ మాత్రం అందరికీ తెలియదు. 1994 సెప్టెంబర్ 8న పోర్తో పక్కనున్న మాయాలో పుట్టాడు. పోర్చుగల్‌లో పేరున్న ఆటగాళ్లు ఎక్కువగా బెన్‌ఫికా, పోర్తో, స్పోర్టింగ్ అకాడమీల నుంచి వస్తారు. బ్రూనో బోవిష్టా అనే వేరే క్లబ్ కుర్రాడు. పద్దెనిమిదేళ్లు కూడా నిండకుండానే 2012లో ఇటలీ రెండో డివిజన్‌లో ఉన్న నొవారాకి వెళ్లిపోయాడు. అక్కణ్నుంచి ఉదినేసే, తర్వాత సంప్దోరియా. ఐదేళ్లు ఇటలీలో గడిపి 2017లో లిస్బన్‌లోని స్పోర్టింగ్‌కి వచ్చేదాకా సొంత దేశంలోనే అతన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

స్పోర్టింగ్‌లో మొదటి సీజన్ చివర జరిగింది మామూలు సంగతి కాదు. 2018 మే 15న ముసుగులు వేసుకున్న అభిమానుల గుంపు ఆల్కొషెతెలోని క్లబ్ ట్రైనింగ్ సెంటర్‌లోకి చొరబడి సొంత జట్టు ఆటగాళ్లనే కొట్టింది. బ్రూనోతో పాటు చాలామంది కాంట్రాక్ట్ తెంచుకున్నారు. కొందరు మళ్లీ ఆ ముఖం చూడలేదు. బ్రూనో మాత్రం తిరిగొచ్చి కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాతి 2018-19 సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి 32 గోల్స్ కొట్టాడు. స్ట్రైకర్లు కూడా ఆ అంకె చూసి కుళ్లుకుంటారు.

2020 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ 5.5 కోట్ల యూరోలు ఇచ్చి కొనుక్కుంది. షరతులన్నీ నెరవేరితే ఇంకో 2.5 కోట్లు. 2020-21లో ప్రీమియర్ లీగ్‌లోనే 18 గోల్స్ కొట్టాడు. అందులో సగం దాకా పెనాల్టీలే అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. పెనాల్టీకి ముందు చిన్నగా ఎగిరి, గోల్‌కీపర్ ఎటు వాలతాడో చూసి కొట్టే ఆ పద్ధతి ఒకసారి చూడండి, ఎగతాళి తగ్గుతుంది. తప్పలేదా అంటే తప్పింది. 2021 సెప్టెంబర్‌లో ఆస్టన్ విల్లా మీద ఆఖరి నిమిషాల్లో రొనాల్డో పక్కనే ఉండగా పెనాల్టీ తను తీసుకుని గోల్ బారుకి పైనుంచి కొట్టాడు. యునైటెడ్ 0-1తో ఓడింది. ఆ రోజు మన రొనాల్డో ఫ్యాన్స్ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

బ్రూనో ఆటంతా రిస్క్ మీద నడుస్తుంది. పక్కవాడికి ఐదు గజాల పాస్ ఇచ్చే వీలున్నా, నలభై గజాల అవతల పరిగెత్తేవాడి ముందు బంతి వేయాలని చూస్తాడు. పది వేస్తే నాలుగు పోతాయి. మిగిలినవాటిలో ఒకటి గోల్ అవుతుంది, ఆ ఒక్కటే హైలైట్స్‌లో కనిపిస్తుంది. 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద కాబీ మైనూ కొట్టిన రెండో గోల్ వెతికి చూడండి. గర్నాచో ఇచ్చిన బంతిని బ్రూనో ఆపనుకూడా ఆపలేదు. తల ఒకవైపు, పాదం ఇంకోవైపు. మైనూ వస్తున్నాడని తెలుసు కాబట్టి చూడకుండానే తోసేశాడు. యునైటెడ్ 2-1తో కప్పు గెలిచింది.

రొనాల్డో నీడలో బ్రూనో ఎలా ఉండిపోయాడో చెప్పడానికి ఇంకో ఘటన చాలు. 2022 ప్రపంచకప్, నవంబర్ 28, ఉరుగ్వేతో మ్యాచ్. ఎడమవైపు నుంచి బ్రూనో బంతిని గోల్ ముందున్న పెట్టెలోకి (పెనాల్టీ బాక్స్) లేపాడు, రొనాల్డో తల పెట్టడానికి ఎగిరాడు, బంతి నేరుగా వలలో పడింది. రొనాల్డో చేతులు చాచి సంబరం చేసుకున్నాడు, మొదట గోల్ అతని పేరు మీదే ప్రకటించారు. తర్వాత బ్రూనో పేరుకి మార్చారు. బంతిలో ఉన్న సెన్సర్ లెక్కల్లో రొనాల్డో తాకిన ఆనవాలే లేదు. బ్రూనో ఆఖర్లో పెనాల్టీతో రెండోది కూడా కొట్టి 2-0 చేశాడు. వెంట్రుక తగిలిందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లతో పెట్టుకోకండి.

పాపులారిటీలో మిగతా ఇద్దరూ ఇతని దరిదాపుల్లోకి రారు. సగం కారణం క్లబ్బే. యునైటెడ్‌కి మన దేశంలోనూ, బయటా ఉన్నంత మంది అభిమానులు ఎన్ని కప్పులు గెలిచినా వేరేవాళ్లకి త్వరగా రారు. మిగతా సగం అతనిది. దాదాపు ప్రతి మ్యాచ్‌లో ఉంటాడు, గాయాలని కూర్చోడు. 2023 జూలై నుంచి కెప్టెన్. 2024-25లో యునైటెడ్ లీగ్‌లో 15వ స్థానానికి పడిపోయి, యూరోపా లీగ్ ఫైనల్లో టాటెన్‌హామ్ చేతిలో ఓడిన ఆ దరిద్రపు సీజన్‌లోనూ ఇతను 19 గోల్స్ కొట్టాడు. సౌదీలోని అల్ హిలాల్ పిలిచినప్పుడు వెళ్లలేదు. ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడేవాళ్లకైతే చెప్పక్కర్లేదు. పెనాల్టీ, కార్నర్, ఫ్రీకిక్ అన్నీ ఒకే మనిషి తీసుకుంటే టీమ్‌లో పెట్టకుండా ఎలా ఉంటారు?

తిట్టేవాళ్లూ తక్కువేం కాదు. చేతులు విసిరేయడం, రిఫరీతో గొడవ, పాస్ అందుకోలేని సహచరుడి వైపు ఆ చూపు. 2023 మార్చిలో లివర్‌పూల్ చేతిలో 0-7తో ఓడిన రోజు కెప్టెన్ బ్యాండ్ ఇతని చేతికే ఉంది, ఆ రోజు అతని ప్రవర్తనని ఏకిపారేశారు. అది న్యాయమే అనిపించింది నాకు. ఇంగ్లండ్‌లో గెలిచిన పెద్ద కప్పులు చూస్తే 2023 లీగ్ కప్, 2024 ఎఫ్ఏ కప్. లీగ్ టైటిల్ లేదు, యూరప్ క్లబ్బులన్నిటికీ పెద్ద కప్పైన చాంపియన్స్ లీగ్ లేదు. కప్పులు లెక్కపెట్టే అలవాటుంటే బ్రూనోతో మీకు కష్టం.

బెర్నార్డో సిల్వా

కప్పులు లెక్కపెట్టేవాళ్లు ఇటు రండి. 2018 నుంచి 2024 మధ్య మాంచెస్టర్ సిటీతో ఆరు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు, 2023లో చాంపియన్స్ లీగ్. అంతకుముందు 2016-17లో మొనాకోతో ఫ్రెంచ్ లీగ్. ఇంత గెలిచినవాడికి ఇంత తక్కువ పేరు రావడం నాకు ఇప్పటికీ వింతే.

బ్రూనో కంటే నెల రోజుల ముందు, 1994 ఆగస్ట్ 10న లిస్బన్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ బెన్‌ఫికా. అక్కడి పెద్ద జట్టులో సరిగా అవకాశం రాక 2014లో మొనాకో వెళ్లాడు. 2017లో సిటీకి. ఎడమకాలి వాటం, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, బక్కపలచని మనిషి. కుడి వింగ్, మధ్యలో, స్ట్రైకర్ లేనప్పుడు ముందు, ఒకసారి అర్సెనల్ మీద లెఫ్ట్‌బ్యాక్‌గా కూడా. సిటీ కోచ్‌గా గార్డియోలా ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాడు. అదే అతని పేరుకి అడ్డం పడింది కూడా. ఒకే చోట ఆడేవాడి ముద్ర జనంలో పడుతుంది. పది చోట్ల ఆడేవాడు కోచ్‌కి ముద్దు, అభిమానికి అయోమయం.

ప్రీమియర్ లీగ్‌లో ఏ సీజన్‌లోనూ పది గోల్స్ కొట్టలేదు. స్కోర్ యాప్‌లో ఇతన్ని ఫాలో అయితే వారాల తరబడి ఏమీ కనపడదు. 2019 జనవరి 3న సిటీ, లివర్‌పూల్ మ్యాచ్ పూర్తిగా దొరికితే చూడండి. అప్పటిదాకా ఆ సీజన్ లీగ్‌లో లివర్‌పూల్ ఓడలేదు. సిటీ 2-1తో గెలిచింది. గోల్స్ అగ్వేరోవి, సానేవి. బెర్నార్డో ఆ రాత్రి 13.7 కిలోమీటర్లు పరిగెత్తాడు, అప్పటికి ఆ సీజన్ మొత్తంలో అంత దూరం ఇంకెవరూ పరిగెత్తలేదు. బంతి పోయిన ప్రతిసారీ దాన్ని లాక్కునేవాళ్లలో ఇతను ఉన్నాడు, లాక్కున్నాక దాన్ని పోగొట్టుకోనివాళ్లలోనూ ఉన్నాడు. ఆ ఏడు సిటీ 98 పాయింట్లతో టైటిల్ గెలిచింది, లివర్‌పూల్‌కి 97. ఆ ఒక్క మ్యాచ్ అటూ ఇటూ అయి ఉంటే కప్పు చేయి మారేది.

గోల్స్ అసలు కొట్టడని కాదు, కొట్టాల్సిన రోజున కొట్టాడు. 2023 మే 17, చాంపియన్స్ లీగ్ సెమీస్, రియల్ మాడ్రిడ్ మీద 4-0. మొదటి రెండూ ఇతనివే, ఒకటి ఎడమకాలితో, ఒకటి తలతో. ఇస్తాంబుల్ ఫైనల్లో రోద్రి కొట్టిన ఏకైక గోల్‌కి ముందు కుడివైపు గీత దాకా వెళ్లి బంతిని వెనక్కి తోసింది బెర్నార్డోనే. అది ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ డిఫెండర్‌కి తగిలి రోద్రి ముందు పడింది. పోర్చుగల్ తరఫున 2019లో యూరప్ దేశాల జట్లు ఆడే నేషన్స్ లీగ్ ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే, అది సొంతగడ్డ మీద, రొనాల్డో సెమీస్‌లో హ్యాట్రిక్ కొట్టిన టోర్నీలో. అయినా ఆ టోర్నీ గురించి ఎవరినైనా అడిగి చూడండి, ఏ పేరు చెబుతారో.

నా లెక్కలో బెర్నార్డో పూర్తి మ్యాచ్ చూసే ఓపిక ఉన్నవాళ్ల ఆటగాడు. అదీ ఒక కన్ను అతని మీదే ఉంచాలి. బంతి వెంట కళ్లు పరిగెత్తించేవాళ్లకి అతను ఎప్పటికీ "బాగానే ఆడాడు" దగ్గరే ఆగిపోతాడు. ఒక ఇబ్బంది కూడా ఉంది. అతని మంచి రోజులు చాలావరకు గడిచిపోయాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే మీరు చూసేది ఎక్కువగా పాత మ్యాచ్‌లే.

వితిన్యా

అసలు పేరు వీతోర్ ఫెరీరా. 2000 ఫిబ్రవరి 13న పుట్టాడు. పోర్తో అకాడమీ. 2019లో పోర్తో కుర్రాళ్ల జట్టు యూఎఫా యూత్ లీగ్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. 2020-21లో ఇంగ్లండ్‌లోని వుల్వ్స్ అరువు మీద తీసుకుంది. కొనుక్కునే అవకాశం చేతిలో ఉన్నా, అక్కర్లేదని తిప్పి పంపేసింది. పోర్తోకి తిరిగొచ్చి 2021-22లో లీగ్, కప్ రెండూ గెలిచాడు, ఆ వేసవిలోనే పారిస్ సాంజెర్మాన్ నాలుగు కోట్ల యూరోలకి పైగా పోసి తీసుకుంది. మొదటి ఏడాది మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపె ఉన్న జట్టులో ఇతన్ని చూసేదెవరు! 2023లో లూయిస్ ఎన్రికే కోచ్‌గా వచ్చాక నెమ్మదిగా ఆట మొత్తం ఇతని కాళ్ల మీదుగా నడవడం మొదలైంది.

2025 మే 31, మ్యూనిక్, చాంపియన్స్ లీగ్ ఫైనల్. పారిస్ 5-0తో ఇంటర్‌ని చిత్తు చేసింది. పన్నెండో నిమిషంలో పడిన మొదటి గోల్ రికార్డులో ఇలా ఉంటుంది: గోల్ హకీమీ, అసిస్ట్ (గోల్‌కి ముందు ఆఖరి పాస్) దుయే. వీడియో పెట్టి పది సెకన్లు వెనక్కి వెళ్లండి. పెట్టెకి ఎదురుగా బంతి వితిన్యా దగ్గర ఉంది. ముందంతా ఇంటర్ గోడ. అతను తొందరపడలేదు. వాళ్లు తన వైపు ఒక్క అడుగు వేసేదాకా చూసి, వాళ్ల మధ్యలోంచి దుయే కాళ్లకి నేల మీదుగా పంపాడు. అక్కడితో రక్షణ విరిగిపోయింది, తర్వాత దుయే పక్కకి తోయడం, హకీమీ వలలో వేయడం లాంఛనం. ఆ పాస్‌కి ఏ పట్టికలోనూ చోటు లేదు. మూడో గోల్‌లో మాత్రం ఆఖరి పాస్ ఇతనిదే కాబట్టి అసిస్ట్ లెక్కలోకి వచ్చింది. నా వరకు మొదటిదే పెద్ద పని.

మిడ్‌ఫీల్డర్ల పేరుప్రఖ్యాతులు ఇక్కడే తేలతాయి. గోల్‌కీ, దాని ముందు పాస్‌కీ లెక్క ఉంది. దానికి ముందు పాస్ ఇచ్చినవాడు అన్నంలో ఉప్పులాంటివాడు, లేనప్పుడే తెలుస్తాడు. బ్రూనో పని ఎప్పుడూ లెక్కలోకి వచ్చే చోటే జరుగుతుంది కాబట్టి అతనికి ఆ పేరు. అతను దానికి అర్హుడే. కానీ ఆ లెక్క పట్టుకుని మిగతావాళ్లని కొలిస్తే పప్పులో కాలేసినట్టే.

ఈసారి జనం కూడా చూశారు లెండి. ఏడాది ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ అవార్డులో 2025లో డెంబెలే, యమాల్ తర్వాత మూడో స్థానం వితిన్యాది. బెర్నార్డో తన అన్ని కప్పులతోనూ అందులో తొమ్మిదో స్థానం దాటలేదు. ఆ ఏడాది జూన్‌లో స్పెయిన్ మీద పెనాల్టీ షూటౌట్‌లో పోర్చుగల్ నేషన్స్ లీగ్ గెలిచినప్పుడు వితిన్యా, బ్రూనో ఇద్దరూ తమ పెనాల్టీలు కొట్టారు. నవంబర్‌లో టాటెన్‌హామ్ మీద పారిస్ 5-3 గెలుపులో వితిన్యా హ్యాట్రిక్ కొట్టి, గోల్స్ కొట్టడన్న మాట కూడా పడకుండా చేసుకున్నాడు.

మీరు గానీ, మీ పిల్లలు గానీ ఫుట్‌బాల్ ఆడుతుంటే ఇంకో ఆలోచన వద్దు, వితిన్యానే చూడండి. ఎత్తు లేదు, కండ లేదు, మెరుపు వేగం లేదు. బంతి రాకముందే రెండుసార్లు తల తిప్పి వెనకెవరున్నారో చూసుకుంటాడు. వచ్చాక మొదటి స్పర్శతోనే ఒంటిని ఖాళీ వైపు తిప్పేస్తాడు. ఇచ్చేసి నిలబడడు, మళ్లీ తీసుకునే చోటుకి కదులుతాడు. ఈ మూడూ నేర్చుకుంటే వచ్చేవే. బ్రూనో పాస్‌లు అనుకరించబోతే మీ టీమ్‌వాళ్లు రెండో వారానికే మిమ్మల్ని బెంచీ మీద కూర్చోబెడతారు.

మిగతావాళ్ల సంగతి

ఒక్క టోర్నీ చూసి ఎవరినీ పట్టుకోకండి. 2016 యూరోలో రెనాటో సాంచెస్ ఉత్తమ యువ ఆటగాడు, ఆ ఏడాదే యూరప్‌లో ఉత్తమ కుర్ర ఆటగాడికిచ్చే గోల్డెన్ బాయ్ అవార్డు కూడా. పద్దెనిమిదేళ్లకే బయర్న్ మ్యూనిక్ కొనేసింది. పోర్చుగల్ మిడ్‌ఫీల్డ్ పదేళ్లపాటు ఇతనిదే అన్నారు. గాయాలు, క్లబ్బులు మారడాలు. 2021లో లీల్‌తో ఫ్రెంచ్ లీగ్ గెలిచినా ఆ మొదటి పేరు మళ్లీ రాలేదు.

జొవావ్ నెవెస్ మాత్రం వేరేలా ఉన్నాడు. 2004లో పుట్టాడు, బెన్‌ఫికా నుంచి 2024లో పారిస్ వెళ్లాడు, వితిన్యా పక్కనే ఆడతాడు. పొట్టిగా ఉన్నా గాల్లో బంతికి ఎగిరితే పెద్దవాళ్లకి దొరకడు. 2025 నేషన్స్ లీగ్ ఫైనల్లో స్పెయిన్ మీద ఇతన్ని రైట్‌బ్యాక్‌గా ఆడించారు. పదేళ్లు ఫాలో అయ్యే ఆటగాడు కావాలంటే నా పందెం ఇతని మీదే.

ఇక అసలు ఎంపిక. రొనాల్డోని గోల్స్ కోసం ప్రేమించినవాళ్లు, వారానికి ఒక మ్యాచ్ చూసి నాలుగు రోజులు వాదించుకునేవాళ్లు బ్రూనో దగ్గరికి వెళ్లండి, పాత మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ మీద పేరు మారుతుంది, అంతే. కోపం, ఆశ, తిట్లు, అన్నీ దొరుకుతాయి. ఆట లోతు తెలుసుకోవాలనుకునేవాళ్లు వితిన్యా. నన్ను ఒక్కరినే ఎంచుకోమంటే నేను చెప్పేదీ వితిన్యానే. బెర్నార్డోని సెలవు రోజుల కోసం దాచుకోండి, పైన చెప్పిన లివర్‌పూల్, రియల్ మాడ్రిడ్ మ్యాచ్‌లతో మొదలుపెట్టండి.

నిద్ర సంగతి కూడా చూసుకోవాలి. ప్రీమియర్ లీగ్ శనివారం మధ్యాహ్నం మ్యాచ్ మనకి రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో పడుతుంది, అన్నం తింటూ చూడొచ్చు. పారిస్ మ్యాచ్‌లు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. చాంపియన్స్ లీగ్ అయితే ఎండాకాలం 12:30కి, చలికాలం 1:30కి. మర్నాడు ఆఫీసున్నవాళ్లు వితిన్యాని పొద్దున్నే రీప్లేలో పూర్తిగా చూడండి, హైలైట్స్‌లో మాత్రం వద్దు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, అక్కడ అవి మధ్యాహ్నం మ్యాచ్‌లు.

వెతికేటప్పుడు పేర్లతో జాగ్రత్త. వితిన్యా అనే పేరుతోనే ఇటలీలో ఆడిన పోర్చుగల్ ఫార్వర్డ్ ఇంకొకడున్నాడు. జొవావ్ నెవెస్‌కీ, నేషన్స్ లీగ్ ఫైనల్లో ఆఖరి పెనాల్టీ కొట్టిన రూబెన్ నెవెస్‌కీ చుట్టరికం లేదు. సిల్వాలు, ఫెర్నాండెస్‌లు ఎంతమందో చెప్పలేం. ఆటగాడి పేరు పక్కన క్లబ్ పేరు కూడా కొట్టండి.